ఓనరుగారు చేర్చిన మాటలు

అక్కా,

ఫోన్‌లో చెబితే ఏడ్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను. మా ప్రెస్‌లో నేను ప్రూఫులు దిద్దే కంప్యూటర్ ఒక్క పేజీలో తప్పులు వెతకడానికి పది నిమిషాలు తీసుకుంటోంది. "మిషన్‌ది కాదమ్మా, నీ వయసుది లోపం. సోమవారం నుంచి రాకు," అన్నారు ఓనరుగారు అందరి ముందూ.

దేవుడికి దణ్ణం పెట్టుకుని కారణం వెతికాను. తప్పని కంప్యూటర్ ఎర్రగీత గీసిన మాటనల్లా దిద్దకుండా, సరైన మాటల జాబితాలో చేర్చేశారాయన. అలా వేల మాటలు పేరుకున్నాయి, ప్రతి మాటకీ కంప్యూటర్ అవన్నీ వెతుక్కుంటోంది. ఆ జాబితా తీసి పక్కన పెట్టాను. పేజీ చిటికెలో అయిపోయింది, ఆయన వదిలేసిన తప్పులన్నీ ఎర్రగా తేలాయి.

"ఎవర్నడిగి తీశావ్?" అన్నారు ఓనరుగారు.

"మీరు ఎవర్నడిగి చేర్చారండీ?" అన్నాను. నా గొంతేనా అనిపించింది.

సోమవారం వెళ్తాను. నా కుర్చీలోనే కూర్చుంటాను.

ఈ ఉత్తరం నీ పెట్టెలో దాచు, బావగారికి చూపించకు. నేను నోరులేనిదాన్నని ఆయన్ని ఇంకొన్నాళ్ళు అనుకోనీ.

నీ చెల్లి