గళ్లు పడ్డ ముఖం

తాండూరు,
ఆదివారం

బిడ్డ ముబీనాకు అబ్బా సలాం, దువా.

ఈ ఉత్తరం రాయకుండనే ఊకుందామనుకున్న. వికారాబాద్ ఎంత దూరం, గంట రైలు. ఫోన్ ఉండనే ఉంది. కానీ ఫోన్ల నాకు అబద్ధం మస్తు సులువుగ వస్తది, కాయితం మీద రాదు. ఇక్కడ నేను ఖైరియత్‌గ ఉన్న. నువ్వు, అల్లుడు, షీరీన్ మంచిగున్నరని తలుస్త. మోకాలు ఎట్లుందని అడిగినవు. మెట్లు కనపడితె నొస్తది, బిర్యానీ కనపడితె నొయ్యదు.

షీరీన్ నిఖాల చూపించెతందుకు వాళ్ల నానీ, మీ అమ్మీ వీడియో తయారైందా అని రెండుసార్లు రాసినవు, కింద గీత గూడ కొట్టినవు. చెప్త, జర ఓపిక పట్టు.

ముప్పై ఏండ్లు ఊరందరి పెండ్లిళ్లు తీసిన గని మీ అమ్మీ నా కెమెరాకు దొరకలే. అటు తిప్పుడే ఆలస్యం, చున్నీ ముఖం మీదికి గుంజుకునేది. ఒకసారి లైటు పట్టే మనిషి రాలేదని ఆమెను పట్టమన్న. ఒక చేత్తో లైటు, ఒక చేత్తో చున్నీ. పెండ్లికొడుకు చీకట్ల, పందిరి వెలుగుల. వాళ్లు తిట్టిన తిట్లు ఇప్పుడెందుకులే. నిన్ను అత్తగారింటికి సాగనంపిన నాడు మాత్రం ఆమె నన్నూ మరిచింది, కెమెరానూ మరిచింది. నీ గదువ పట్టుకొని "జల్దీ ఫోన్ కర్, బేటా" అంటది. నలభై సెకండ్లు. ఆమె పోయి రెండేండ్లు. ఆమె గొంతు మనకు మిగిలింది అంతే.

నువ్వు బస్సు పార్సిల్‌ల పంపిన నీ పెండ్లి వీడియో నాలుగు డిస్కులు కంప్యూటర్ల ఎక్కించిన. ఏ కోడెక్ కావాలె అని అడిగింది. కోడెక్ అంటె బొమ్మను మడతపెట్టే తరీకా, బిడ్డా. పల్చగ, గట్టిగ మడిచేది ఒకటి, ఫోన్లకు పంపెతందుకు. లావుగ, నలగకుంట పెట్టేది ఇంకోటి, కత్తిరించెతందుకు. కంప్యూటర్ దుకాణం సుశాంత్ చెప్పనే చెప్పిండు: "కాకా, పని చేసేటప్పుడు లావుదే తీస్కో. పల్చదైతె సేవ్ కొట్టినప్పుడల్ల బొమ్మ కొంత పోతది."

"నీ వయసుకంటె నా కత్తెర పెద్దది" అన్న.

లావుది నా కంప్యూటర్ల పట్టదు. పల్చదే తీసుకున్న. ఒకనాడు రంగు సరిచేసిన, ఒకనాడు వెనక లొల్లి తగ్గించిన, ఒకనాడు షీరీన్ పేరు ఎక్కించిన. ప్రతిసారి అదే ఫైలు మీద సేవ్. పదోసారికి మీ అమ్మీ ముఖం బండలు పరిచినట్టు గళ్లు గళ్లు. కన్నేదో, ముక్కుపుడకేదో తెల్వది. గొంతు నీళ్లల్లకెళ్లి వస్తున్నట్టుంది.

డిస్కులున్నయి గద, మల్ల తియ్యి అంటవు. గిదే బిడ్డా, రాయబుద్ధి కాంది. ఎక్కించుకున్న గద, ఇంక వీటితోని ఏం పని అనుకున్న. కొడంగల్ దిక్కు ఎవుసం చేసే నా దోస్తు బాల్‌రాజ్ వచ్చి "ముర్తుజా భాయ్, జొన్నలకు పిట్టలు పడుతున్నయి, పాత డిస్కులుంటె ఇయ్యి, చేన్ల ఏలాడదీస్త" అన్నడు. సంచెడు ఇచ్చిన. నీవి నాలుగు అందులనే, నా చేతులతోనే. నీ దగ్గర ఇంకో సెట్టు లేదని నాకెరుకే. అప్పటి టేపుల మీద తర్వాతి పెండ్లిళ్లు ఎక్కించిన.

నిన్న కొడంగల్ బస్సెక్కి ఆయన చేనుకు పోయిన. డిస్కులు దారాలకు తిరుగుకుంట మెరుస్తున్నయి. నెల ఎండకు నేను రాసిన నీ పేరు ఎగిరిపోయింది. నడుమ బొక్క పక్కన సూదితోని గీకిన నంబరే మిగిలింది. ఒకటి, రెండు, మూడు దొరికినయి, ఇంటికి తెచ్చి కంప్యూటర్ల పెడితె ఏదీ ఆడలే. నాలుగోది, సాగనంపింది, దొరకలే. "ఎతుకుత భాయ్, ఫికర్ చెయ్యకు" అన్నడు. నేను నీకేం చెప్పాలె, షీరీన్‌కేం చెప్పాలె అని దారిపొడుగున అనుకున్న. మాఫ్ చెయ్యమని అడిగే ముఖం లేదు గని అడుగుతున్న.

ఇక్కడిదాక రాసెటాళ్లకు బాల్‌రాజ్ వచ్చిండు. నాలుగోది తువ్వాలల చుట్టుకొచ్చిండు. "దారం తెగి చొప్ప కింద పడ్డది భాయ్, ఎండ తాకలేదేమో" అన్నడు. తుడిచి కంప్యూటర్ల పెట్టిన. జరసేపు తిరిగింది. బొమ్మ పడకుండనే ట్రే బయటికొచ్చింది.

ఇట్లు,
మీ అబ్బా
ముర్తుజా