ఒక్క దేవుడి ఇంటివాళ్ళు

ఎస్.ఆర్. నగర్ హాస్టలు,
ఆదివారం సాయంత్రం.

పంజాగుట్టలో ఉన్న మా తబితా అత్తకు, కోపం తగ్గకపోయినా ప్రేమతో వందనాలు.

ఫోన్లో నా గొంతు ముందు లేస్తుందనీ, విషయం వెనకాల నింపాదిగా వస్తుందనీ, ఇకమీదట ఏదున్నా కాగితం మీద పెట్టమనీ నువ్వే అన్నావు. పెడుతున్నాను.

మన ఇంట్లో నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నది ఎవరత్తా? ఇవాళ ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర నాన్న అందరికీ ఏమని చెప్పారు? "మా ఇవాంజెలిన్ వార్డు ఆఫీసులో గోడలకి సున్నాలు వేయిస్తోంది" అని. వెంటనే, మీరంతా నాకు సంబంధం అనుకుంటున్న ఆ ఫ్రెడ్డీ వాళ్ళమ్మ, తాముంటున్న ఇంటి కాంపౌండు గోడ పెచ్చులూడుతోందనీ కాస్త చూసిపెట్టమనీ అంది. నువ్వు పక్కనే ఉండి పప్పు వడ్డిస్తూ పోయావు.

మళ్ళీ చెబుతున్నాను. నేను చదివింది చిత్రకళ. అమీర్‌పేటలో కొత్తగా కట్టిన మా వార్డు ఆఫీసు ముందరి గోడ మీద ఆదివాసీ చిత్రం ఉండాలని పైవాళ్ళు నిర్ణయించారు. ఆ పని దగ్గరుండి జరిపించడం నా ఉద్యోగం. బొమ్మ వేసేది ఉట్నూరు పక్క గోండు గూడెం నుంచి వచ్చిన సోంబాయి గారు. ఢిల్లీలో వేసింది, భోపాల్లో వేసింది. వచ్చిన పూటే నిచ్చెన ఊగుతోందని మా ఇంజినీరు రవికాంత్ గారినీ, టీలో చక్కెర తక్కువైందని అటెండరు కనకయ్యనీ ఒకేసారి వెనక్కి పంపింది.

మన ఒప్పందం నాకు గుర్తుంది. ప్రారంభోత్సవానికి గోడ పూర్తి కాకపోతే ఆ చోట ఫ్లెక్సీ అంటిస్తారు, నేను నోరు మూసుకుని మిషన్ స్కూల్లో టీచరుగా చేరతాను. పూర్తయితే మీరెవరూ నన్ను ఏమీ అనకూడదు. ఒక్కసారి వచ్చి చూడమంటే మాత్రం రానంటావు. మెట్రోలో ఒక్క స్టేషనేగా!

చేపల పులుసు అందింది. అంత కోపంలోనూ ముళ్ళు తీసి పంపావు. అందుకు నిజంగా థాంక్స్.

అలకతో,
నీ ఇవా

తాజా కలం: సోంబాయి ఎవరు కనపడినా ముందు అడిగే ప్రశ్న, "మీది ఎందరు దేవుండ్ల ఇల్లు?" రవికాంత్ గారు కాసేపు ఆలోచించి, "దేవుడి గదిలోవేనా అమ్మా, ఫ్రిజ్ మీదవి కూడా కలపమంటారా?" అన్నారు.

*

పంజాగుట్ట,
మంగళవారం.

ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ వేళకి తింటున్నావని నమ్ముతూ, మీ మేనత్త రాయునది.

నీ ఉత్తరం కనకయ్య తెచ్చాడు. ఉత్తరంతో పాటు ఆ సోంబాయిని కూడా తెచ్చాడు! చెప్పా పెట్టకుండా మనిషిని పంపుతావా? ఇంట్లో దోశ పిండి తప్ప ఏమీ లేదు. నాలుగు దోశలు తిని, నాలుగు గోడలూ వేళ్ళతో తట్టి చూసి, కూర్చుని అడిగింది: "మీది ఎందరు దేవుండ్ల ఇల్లమ్మా?"

ఒక్కడే అన్నాను. అన్నాక అది సగం మాటేనని మనసు పీకి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని కూడా చెప్పాను. ఆవిడ మూడు వేళ్ళు ముడిచింది. "ముగ్గురంటే ముగ్గురు కాదమ్మా, ఒక్కరే" అన్నాను. రెండు వేళ్ళు తెరిచింది. "అట్లని ఒక్కరే అనుకోవద్దు" అని మీ నాన్న లోపల్నుంచి అరిచాడు. ఆవిడ చెయ్యి దించేసి, "మీరు మీరు మాట్లాడుకొని ఒక్కటి చెప్పుండ్రి, నేను ఛాయ్ తాగుత" అంది.

చివరికి ఒక్కడే అని తేల్చాం. అప్పుడు ఆవిడ మొహం చూడాలి! "మాది ఏడుగురిది. ఒక్క దేవుడి ఇల్లు నేను ఇంతవరకు చూడలే. మీకు మాకు కలుస్తది" అని నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. నీకు పెళ్ళయిందా అని అడిగింది. ఇంట్లో పెద్ద ఎవరని అడిగింది. నేనేనని చెప్పాను, మీ నాన్న వినకుండా.

ఏం కలుస్తుంది? ఎందుకు కలుస్తుంది?

దీవెనలతో,
తబితా అత్త

తా.క.: ఆవిడకి కొడుకులున్నారా? ఊరికే అడుగుతున్నాను.

*

అమీర్‌పేట,
బుధవారం, భోజనాల వేళ.

అనవసరంగా కంగారుపడే అత్తకు, ఆకలితో ఉన్న మేనకోడలి నమస్కారాలు.

సోంబాయిని నేను పంపలేదు. కనకయ్య నీ దోశల గురించి చెప్పాడట, ఆమె బయల్దేరింది.

ఆ లెక్కకు భయపడాల్సిందేమీ లేదు. గోండుల్లో నలుగురు దేవుళ్ళ ఇళ్ళు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు దేవుళ్ళ ఇళ్ళు ఉంటాయి. ఒకే లెక్క వాళ్ళంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళలో వాళ్ళకి పెళ్ళిళ్ళు కుదరవు. వేరే లెక్క వాళ్ళతోనే వియ్యం. నువ్వు కొత్తవాళ్ళు కనపడగానే "ఏ సంఘం? పాస్టరు గారెవరు?" అంటావే, అలాగన్నమాట.

నాకున్న అసలు భయం వేరు. ఆమె పని ఆపేసింది. గోడంతా ఎర్రమన్ను పూసింది, పైన ఇప్పచెట్టు వేసింది, నెమళ్ళు వేసింది. గుమ్మం చుట్టూ వేయాల్సింది మాత్రం వేయడం లేదు. "ఒక మాట తేలాలె" అంటుంది. ఏం మాట అంటే, "పెద్దోళ్ళది" అంటుంది. ఈ ఆఫీసుకు ఎందరు దేవుళ్ళని మాత్రం రవికాంత్ గారిని అడిగింది. ఆయన నిజంగానే లెక్క తీయించారు. ఆయన బల్ల అద్దం కింద వెంకటేశ్వరస్వామి, పక్క బల్ల సంగీత గారి సొరుగులో మేరీమాత, కనకయ్య జబ్బకు దర్గా తాయెత్తు. కూడికకి భయపడి, "ఇది ప్రభుత్వ భవనం కదమ్మా, సున్నా అని రాసుకోండి" అన్నారు. "సున్నా ఇల్లు ఉండదు సారూ" అని ఆమె నీడకు పోయి పడుకుంది.

ఫ్లెక్సీ నమూనా అప్పుడే వచ్చేసింది అత్తా. అందులో చార్మినారు పక్కన పులి ఉంది. మిషన్ స్కూల్లో టీచర్ల చీర రంగేమిటో కనుక్కుని ఉంచు.

దిగులుతో,
ఇవా

తా.క.: కొడుకున్నాడు. మన్ను బస్తాలు దించి వెళ్ళిపోయాడు. నేను పేరు అడగలేదు. అడిగితే నీకు చెప్పాలి, నీకు చెబితే ఫ్రెడ్డీ వాళ్ళమ్మకు తెలుస్తుంది.

*

పంజాగుట్ట,
శుక్రవారం.

నా ప్రియమైన ఇవాకు, ప్రార్థనలో నిన్నే మోస్తున్న అత్త రాయునది.

దాచావన్నమాట! పేరు అడగలేదని రాసినప్పుడే నాకర్థమైంది.

నిన్న సోంబాయి కనకయ్యని వెంటపెట్టుకుని మళ్ళీ వచ్చింది. ఈసారి ఊరికే రాలేదు. కొత్త తువ్వాలు, దోసెడు జొన్నలు తెచ్చింది. చాప వేయించి, మీ నాన్ననీ నన్నూ కూర్చోబెట్టి, "మీ ఇంటోళ్ళు మాకు వియ్యం దిక్కు నిలబడతరా?" అని సూటిగా అడిగింది. మీ నాన్న లేచి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. అప్పట్నుంచీ ఉపవాస ప్రార్థనలోనే ఉన్నాడు. నాలుగింటికి మాత్రం టీ, రెండు బిస్కెట్లు పుచ్చుకున్నాడు.

పెళ్ళి మాటల్లో అబ్బాయి పేరు ఆడపిల్లవాళ్ళు ముందుగా అడగడం మన ఇంట్లో లేదు. అందుకని పేరు అడగలేదు. మిగతావి ఒక్కొక్కటే రాబట్టాను. కొత్తదట, మూడంతస్తులట, లిఫ్టు కూడా ఉందట. గవర్నమెంటట. అప్పులేమీ లేవట. ముందూ వెనకా చుట్టాలెవరూ లేరట, అంటే ఆడపడుచుల పోరుండదు. "మరి మా ప్రార్థనలూ అవీ..." అని నసిగాను. "మీ దేవున్ని మీరు తలుచుకోండ్రి, నాకేం అడ్డం?" అంది. ఇంత పెద్ద మనసు మన సంఘంలోనే తక్కువ. తాగుడు ఉందా అని అడిగాను. కనకయ్య అందుకుని, "జర నీళ్ళు సుత దొరకవమ్మా ఆడ" అన్నాడు.

చేతిలో పెడుతుంటే కాదనలేక తువ్వాలు పుచ్చుకున్నాను. నాకు చెప్పకుండా చేసినందుకు కోపంగానే ఉంది. అయితే, ఫ్రెడ్డీది సోమాజిగూడ ఆసుపత్రిలో ఉద్యోగమే కానీ అద్దె ఇల్లు. అది కూడా ఆలోచించాను.

నీ మేలు కోరే,
తబితా అత్త

తా.క.: వయసెంత అని అడిగితే, "ఇంక ఏడాది నిండలే" అంది. ఉద్యోగంలో చేరి ఏడాది అయివుంటుందిలే అనుకున్నాను. అంతేగా?

*

అమీర్‌పేట,
శనివారం.

వియ్యపురాలు తబితమ్మ గారికి, నవ్వీ నవ్వీ పొట్ట నొప్పి పుట్టిన మేనకోడలు రాయునది.

అత్తా, నువ్వు ఒప్పుకున్నది మా వార్డు ఆఫీసుని!

మూడంతస్తులు, లిఫ్టు, ఏడాది నిండకపోవడం, అన్నీ సరిపోయాయా? సోంబాయిని నిలదీస్తే చెప్పింది. ఈ బొమ్మ వేస్తున్నది తను కనక ఈ కట్టడం తన ఇంటి పిల్లేనట. గుమ్మం దగ్గర బొమ్మ పూర్తి చేసేటప్పుడు వియ్యం దిక్కు వాళ్ళు పక్కన నిలబడాలట, వాళ్ళది తన లెక్క కాని వేరే లెక్క ఇల్లు కావాలట. ఊరంతా వెతికితే నీ ఒక్క దేవుడి ఇల్లు దొరికిందట. తువ్వాలు పుచ్చుకున్నావు కాబట్టి ఇక తప్పదు.

సోమవారం పొద్దున వచ్చి గుమ్మం పక్కన నిలబడాలి, జొన్నలు పట్టుకోవాలి. మొక్కడాలూ అవీ ఏమీ లేవు. నువ్వు రాకపోతే చార్మినారూ పులీ వస్తాయి. నా బతుకు నీ చేతిలో ఉంది అత్తా, ఇది ఉత్తరాల్లో ఊరికే రాసే మాట కాదు.

నాన్నకి అన్నం పెట్టు.

వేడుకుంటూ,
ఇవా

తా.క.: సోంబాయి కొడుక్కి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. పేరు ఇప్పుడు కూడా అడగలేదు.

*

పంజాగుట్ట,
బుధవారం.

నిచ్చెన మీద నిలబడి నన్ను చూసి కళ్ళు తుడుచుకున్న పిల్లకు, అన్నీ చూసిన అత్త రాయునది.

వచ్చాను, నిలబడ్డాను. నాకొచ్చిన ప్రార్థన నేను చేసుకున్నాను. కనకయ్య ఆమెన్ అన్నాడు, రవికాంత్ గారు బూట్లు విప్పారు. సోంబాయి నా చెయ్యి ఎర్రమన్నులో ముంచి గుమ్మం పక్కన అద్దించింది. అంత పెద్ద చెయ్యి నాదేనా అనిపించింది.

కానీ వియ్యపురాలు వంకలు పెట్టకుండా వస్తే ఆ మర్యాదేముంది? అందుకే పెట్టాను. ఆడవాళ్ళ బాత్రూము తలుపుకి గడియ లేదు. తాగే నీళ్ళు లేవు. మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కే దారి అంత ఏటవాలైతే ఎవరెక్కుతారు? రవికాంత్ గారు, "అది కాదండి, ఏంటంటేనండి..." అంటూనే రాసుకున్నారు. నిన్న వెళ్ళి చూస్తే గడియ ఉంది. వచ్చే వారం నీళ్ళ సంగతి చూస్తాను.

ఆ గోడ ముందు చాలాసేపు కూర్చున్నాను ఇవా. ఆ నెమళ్ళ కింద చిన్న చిన్న గీతలు గీసింది నువ్వటగా, సోంబాయి చెప్పింది. మీ నాన్నకు కూడా చూపించాను. ఆయన ఇప్పుడు "మా అమ్మాయి గోడ" అంటున్నాడు. సున్నం మాట ఎత్తడం లేదు.

మిషన్ స్కూలు ప్రిన్సిపాలు ఒలీవియా గారితో మాట్లాడాను. ఒప్పందం ప్రకారం నిన్ను బలవంతపెట్టకూడదు, తెలుసు. కానీ జూన్ దాకా నీకోసం డ్రాయింగు టీచరు పోస్టు ఉంచుతామన్నారు. సరేనని ఒక్క ముక్క రాయి.

ప్రేమతో,
తబితా అత్త

తా.క.: ఫ్రెడ్డీ వాళ్ళమ్మ కూడా గోడ చూడ్డానికి వచ్చింది. సోంబాయి ఆవిడనీ అడిగింది ఎందరు దేవుళ్ళని. ఒక్కడే అంది. "అయితె మీరిద్దరు అక్కచెల్లెండ్లు, మీ పోరగాండ్లు అన్నచెల్లెండ్లు. వీళ్ళకు లగ్గమెట్లయితది?" అని సోంబాయి అందరి ముందూ తేల్చేసింది. ఆవిడ విసురుగా వెళ్ళిపోయింది. మా ఇద్దరిలో ఎవరో ఒకరం ముగ్గురు దేవుళ్ళని అని ఉంటే గొడవుండేది కాదు. నాకు ఆ మాట నోటిదాకా వచ్చింది. ఎందుకో అనలేదు.

*

ఎస్.ఆర్. నగర్ హాస్టలు,
శుక్రవారం.

ముగ్గురని అనకుండా ఊరుకున్న మా అత్తకు, చాలా చాలా వందనాలు.

నువ్వు మింగేసిన ఆ ఒక్క మాటకి నేనెంత రుణపడ్డానో రాయడం నాకు చేతకావడం లేదు. ముళ్ళు తీసి పంపిన పులుసుకీ, గుమ్మం పక్కన నిలబడినందుకూ, నాన్న నోట సున్నం మాట మాన్పించినందుకూ కూడా థాంక్స్. ఆఫీసులో ఆడవాళ్ళందరూ ఆ గడియను "తబితమ్మ గడియ" అంటున్నారు.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. నిన్న సోంబాయి సామాను సర్దుకుంటుంటే అడిగాను, గుమ్మానికి వియ్యంవాళ్ళు నిలబడటం మీ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఉంటుందా అని. ఆమె నా మొహం చూసి ఒకటే నవ్వు.

"గోడకు వియ్యమేందే పిల్లా? యాడన్న ఉంటదా?"

"మరి పని ఎందుకు ఆపావు?"

"సిమెంటు మీద మన్ను పూత ఆరొద్దా? ఊకె కూసుంటె మీ సారు గులుగుతడు. మా అత్త చూడనీకె రాదు, రాదు అని నువ్వు కనకయ్య ముందల ఏడ్సుడు నేను విన్న. ఊకె రమ్మంటె పెద్దమనిషి వస్తదా? మర్యాద చేసి పిలిస్తె వస్తది. వచ్చిందా లేదా?"

దేవుళ్ళ లెక్క నిజమే అత్తా, అది వాళ్ళ తాతముత్తాతలది. మిగతాదంతా సోంబాయి మన ఇంటికోసం అల్లింది. కోప్పడకు. నిన్న వెళ్తూ వెళ్తూ, "మీ అత్త ఆఫీసు మీద పట్టు ఇడవొద్దు, నీళ్ళు వచ్చేదాంక పోవాలె" అని చెప్పి మరీ వెళ్ళింది.

ఒలీవియా గారికి నా నమస్కారాలు చెప్పు. నేను స్కూల్లో చేరడం లేదు. గోడతో ఇక్కడ నా ఉద్యోగమూ అయిపోయింది, సోమవారం ఉట్నూరు వెళ్తున్నాను. ఏడాది పాటు సోంబాయి దగ్గరుండి గోడ పని నేర్చుకుంటాను.

ఇట్లు,
ఇవాంజెలిన్