రాణికి గజ్జి

ఫ్లయింగ్ స్కూలు హాస్టలు

మహారాజశ్రీ అమ్మమ్మకు,

నమస్తే. ఉభయ కుశల ఊపిరి. (తాత ఉత్తరాల్లో ఇలాంటిదేదో ఉండేది.) ఫోన్లో నా తెలుగు సగం హిందీ అయిపోయింది, ఉత్తరం రాస్తేగాని మాట్లాడనన్నావుగా. ఇదిగో, రాశాను. తప్పులుండవు, నేను గ్యారంటీ.

విమానాలు బాగుచేసే ఈ ఉద్యోగంలో నాకు రాణిని అప్పగించారు. తెల్లగా, అందంగా ఉంటుంది. వయసు కొంచెం ఎక్కువే, కాని మనసు మంచిది. కొన్నాళ్ళుగా ఆయిల్ ప్రెషర్ గజ్జితో నన్ను చంపుతోంది. ముల్లు ఎర్రగీతలోకి పడిపోతోంది. ఆయిల్ నిండుగా పోశాం. ఒళ్ళు వేడెక్కడం లేదు, గొంతు మామూలే. మా చీఫ్ సార్ "గజ్జి అబద్ధం చెప్తోంది. సంతకం పెట్టు, ఎగరనీ" అంటున్నారు. అబద్ధమేనని నాకూ తెలుసు. ఎందుకు చెప్తోందో దొరికేదాకా రాణిని గడప దాటనివ్వనన్నాను. నెలాఖరులోగా దొరక్కపోతే నా ఉద్యోగం పర్మనెంటు కాదు. తాత డీజిల్ షెడ్డులో ఎన్ని గజ్జులు చూశాడో! నీకు గుర్తున్నదేదైనా రాయి.

నీ మనవరాలు,
ప్రత్యూష

తా.క. రాణి ఫోటో ఇందులో పెట్టాను. రెక్క కింద నవ్వుతున్నది నేనే.

రైల్వే క్వార్టర్లు, బిలాస్‌పూర్

చిరంజీవి ప్రత్యూషకు అమ్మమ్మ మంగాయమ్మ దీవెనలు.

ఊపిరి బాగానే ఆడుతోంది. ఫోటో పెట్టానన్నావు, కవర్లో ఏటీ లేదు.

మీ తాతకి షెడ్డులో గజ్జి పట్టిన మాట నిజమే. ఆ డీజిల్ ఆయన చేతులకి పడేది కాదు. నేనే కుదిర్చాను. ఈ కాలనీలో నా చేతిమీద కుదరని గజ్జి లేదు, ఎవరినైనా అడుగు. నువ్వు దిగులు పడకు.

ముందు ఆ నూనె మానిపించు. గుంటపిల్లకి నూనె నిండుగా పొయ్యడమేటే, గారెలు వేస్తున్నారా? ప్రెషరూ దానివల్లే, గజ్జీ దానివల్లే. వేపాకు మరిగించి ఒళ్ళంతా కడుగు. ముల్లు కనిపిస్తే సూదితో తీసెయ్యి. గడప దాటనివ్వనన్నావు చూడు, అప్పుడు నా మనవరాలివనిపించావు. ఒంట్లో బాగోని గుంట ఎగరడమేటి? ఆ సారుకి ఆడపిల్లల గజ్జితో పనేటి?

ఇట్లు,
మంగాయమ్మ

తా.క. రాణికి పెళ్ళయిందా? ఎదురింటి అప్పలస్వామి కొడుకు రమణబాబు గూడ్సు బండి నడుపుతున్నాడు. తెల్లపిల్ల కావాలంట.

ఫ్లయింగ్ స్కూలు హాస్టలు

అమ్మమ్మకు నమస్తే,

నీ ఉత్తరం సగం చదివాను, సగం ఊహించాను. మొత్తం అర్థమయింది.

ఆయిల్ మాత్రం మానిపించలేను. ఆయిల్ లేకపోతే రాణి చచ్చిపోతుంది. వేపాకు అంటే షెడ్డువాళ్ళ భాషలో ఏ మందో తెలియలేదు. అయినా ఒళ్ళంతా కడిగాను.

నిన్న రాణి పక్కనే ఉండే లక్ష్మి గజ్జి ఊడదీసి రాణికి తగిలించాను. అదే ఎరుపు! రాణి గజ్జి తీసుకెళ్ళి లక్ష్మికి పెట్టాను. భేషుగ్గా ఉంది. అంటే రాణి గజ్జి మంచిదే. వేరే మీటరు తెచ్చి నేరుగా పొట్టకే తగిలించి చూశాను. లోపల ప్రెషరూ బాగుంది. తిరకాసు మధ్యలో ఎక్కడో ఉంది. ఇంకో వింత, లైటు వేస్తే ముల్లు మరీ పడిపోతోంది.

సార్ మళ్ళీ కాగితం ముందు పెట్టారు. రేపు ఎవరి ప్రాణమైనా పోతే సంతకం నాది కదా సార్, అన్నాను. కోపంతో టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. నాకు లోపల భయంగానే ఉంది అమ్మమ్మా. కాని పెట్టను.

ప్రత్యూష

తా.క. రాణికి పెళ్ళా? అచ్ఛా జోకు! మా స్కూలంతా దానిమీదే బతుకుతోంది. ఫోటో నా టూల్‌బాక్సులోనే ఉండిపోయింది, సారీ.

రైల్వే క్వార్టర్లు, బిలాస్‌పూర్

చిరంజీవి ప్రత్యూషకు దీవెనలు, అక్షింతలు కూడా.

నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఒకరి గజ్జి ఇంకొకరికి అంటించడమేటే? ఆ లక్ష్మి నీకేటి అన్యాయం చేసింది? గజ్జికి ప్రాణాలు పోవడం నేనెక్కడా చూడలేదు. నువ్వు ధైర్యంగా ఉండు.

ఎంతసేపూ పైపైన చూస్తే ఏటి దొరుకుతాది? గజ్జి పుట్టేది మడతల్లో. ఒంటికి ఒళ్ళు ఆనుకునే చోట, చెమ్మ దిగే చోట వెతుకు. దొరికాక మొహమాటపడకు. మెరిసేదాకా గోకు. పొడిగా తుడువు. కదలకుండా బిగించి కట్టు. అప్పటికీ తగ్గకపోతే నా పేరు మార్చుకుంటాను.

ఇట్లు,
ఇప్పటికి మంగాయమ్మ

తా.క. స్కూలంతా దానిమీదే బతుకుతోందా! సంపాదించే పిల్లని అప్పలస్వామికి చెప్పేశాను. గజ్జి సంగతి చెప్పలేదు.

ఫ్లయింగ్ స్కూలు హాస్టలు

మా బంగారు అమ్మమ్మకు,

తగ్గింది! లైటు వేస్తే ముల్లు పడుతోందంటే ఎర్తు సరిగా లేదని నాకు అనుమానం ఉండనే ఉంది. ఏ మూలో అంతుబట్టలేదు. నీ "మడత" చదవగానే పరుగెత్తాను. ఎర్తు తీగ ఇనుముకి ఆనే చోట పచ్చగా చిలుము! గోకాను, తుడిచాను, బిగించాను. లైటు వేశాను. ముల్లు కదిలితే ఒట్టు. అప్పుడు పెట్టాను సంతకం. సార్ ఆ సాయంత్రమే నా కాగితం మీద పెట్టారు. పర్మనెంటు!

ఆదివారం రాణి నన్ను బిలాస్‌పూర్ తీసుకొస్తోంది. బోద్రీ వైపు ఎయిర్‌పోర్టు కంచె దగ్గరికి రా. కాసేపే ఉంటాం.

ప్రత్యూష

తా.క. లక్ష్మికి దాని గజ్జి తిరిగి ఇచ్చేశాను.

రైల్వే క్వార్టర్లు, బిలాస్‌పూర్

చిరంజీవి ప్రత్యూషకు,

నన్ను నోరెత్తనివ్వకుండా నవ్వి నవ్వి ఎగిరిపోయావు కాబట్టి రాస్తున్నాను.

ఇనుము అని నువ్వు రాస్తే రక్తంలో ఇనుము అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. ఆదివారం నేను వేపాకు నీళ్ళ బకెట్టుతో, అప్పలస్వామి దంపతులు పళ్ళూ తాంబూలంతో, రమణబాబు కొత్త చొక్కాతో ఒకే ఆటోలో బోద్రీ వచ్చాం. రాణి ఏదే అంటే నువ్వు వేలెత్తి విమానాన్ని చూపించావు. అప్పలస్వామి పెళ్ళాం చాలాసేపు చూసి, "తెల్లగానే ఉంది" అంది.

గ కి ఏత్వం ఇచ్చి, ఒత్తు లేకుండా జి రాస్తే గేజి అవుతాది, ముల్లున్న మీటరు. నువ్వు ఏత్వం మింగేసి ఒత్తు తగిలించావు. పేజీ నిండా ఇంపొజిషన్ రాసి పంపు. నాకైతే సిగ్గేటీ లేదు. విమానం గజ్జి కుదిర్చినది ఈ కాలనీలో నేనొక్కదాన్నే. వచ్చేవాళ్ళందరికీ ముందే చెప్తున్నాను.

మీ సారు కాగితం ముందు పెట్టినా సంతకం పెట్టనన్నావు. ఆ విమానం చూశాక ఆ మాట బరువెంతో తెలిసింది. నీళ్ళు తిరిగాయే కళ్ళల్లో.

ఇట్లు,
పేరు మార్చుకోని మంగాయమ్మ

తా.క. రమణబాబు రాణిని వద్దన్నాడు. పక్కన చేతులకి గ్రీజుతో నిలబడ్డ పిల్ల ఎవరని అడుగుతున్నాడు. తన రైలింజనుకి కూడా గజ్జి ఉందంట, వచ్చి చూస్తావా అని కనుక్కోమన్నాడు. షెడ్డులో వాకబు చేశాను. ఆ ఇంజనుకి ఏ రోగమూ లేదు. ఈసారి గజ్జి నిజంగానే అబద్ధం చెప్తోంది. ఎందుకు చెప్తోందో నీకు నువ్వుగా చూసుకున్నాకే సంతకం పెట్టు.