నాన్న వాచీకి కొత్త డయల్

బొబ్బిలి

ప్రియమైన రోజక్కకి,

ఫోన్లో ఇద్దరం ఏడవడమే తప్ప మాట్లాడుకోలేకపోతున్నాం, అందుకే ఈ ఉత్తరం. పెద్దకర్మ అయిపోయింది. నాన్న వాచీ పార్శిల్‌లో పంపిస్తున్నాను. పోర్టులో క్రేన్ నడిపినన్నాళ్లూ ఆయన చేతికున్న హెచ్ఎంటీ. అది నీకు చేరాలని చెప్పి మరీ పోయారు. జాగ్రత్తగా ఉంచుకో.

నీ తమ్ముడు,
అశోక్

ఉక్కునగరం

ప్రియమైన అశోక్‌కి,

వాచీ అందింది. ఫిరోజ్ పోయాక ఈ క్వార్టర్లో పలకరించే గొంతు లేదు. దీని టిక్‌టిక్ వింటూ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. నాన్న వాచీ డయల్ పసుపు తిరిగి ఉండేది, చెమటకి కేసు మీద పూత లేచిపోయి ఉండేది. ఇదేమో పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఫిరోజ్‌ని చేసుకున్నానని నాన్న నాతో మాట్లాడటం మానేశారు, పోయేదాకా మాట్లాడలేదు. నా మీద జాలిపడి బజార్లో కొన్నావా? నాన్న నన్ను తలుచుకోలేదంటే తట్టుకుంటాను గానీ నకిలీని తట్టుకోలేను. నిజం రాయి.

అక్క,
రోజారమణి

బొబ్బిలి

ప్రియమైన అక్కకి,

తిట్టు, పడతాను. వాచీ నాన్నదే. ఆడపిల్ల ఇంటికి మాసిన వస్తువు పంపకూడదని అమ్మ అనేది కదా. మేనత్తకి పాత బిందె పంపినా మెరుగు పెట్టించేవారు. నేనూ అలాగే వాచీకి పాలిష్ కొట్టించి, డయల్ మార్పించాను. నమ్మకపోతే వెనక మూత తీయించి చూడు.

నీ తెలివితక్కువ తమ్ముడు,
అశోక్

ఉక్కునగరం

ప్రియమైన తమ్ముడికి,

వన్‌టౌన్‌లో ఫిరోజ్ చిన్నాన్న పీర్ మహమ్మద్ గారి వాచీ దుకాణానికి వెళ్లాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని మూత తీశారు. లోపలి మిషను పాతదే, ఎన్నోసార్లు విప్పి బిగించిందట. రిపేరు చేసినవాళ్లు మూత లోపలివైపు సూదితో గుర్తులు గీస్తారు. అందులో ఒకటి ఆయన ఉస్తాద్‌ది. దాని పక్కనే ‘గురునాథ్, పోర్టు’ అని నాన్న పేరు ఉంది.

"మనిసి ఆయనేనమ్మా, సొక్కా మారిందంతే" అన్నారు.

దుకాణంలోనే ఏడ్చేశాను. ఇన్నేళ్లకి నాన్న నన్ను క్షమించారు. నిన్ను అనుమానించినందుకు ఏమీ అనుకోకు. ఒక్కటి మాత్రం చెప్పు. నా పేరెత్తి ఏమన్నారు? ఉన్నదున్నట్టు రాయి, ఆ మాటలు నాక్కావాలి.

ప్రేమతో,
అక్క

బొబ్బిలి

ప్రియమైన అక్కకి,

ఈ జవాబు రాయలేక వాయిదా వేసుకుంటూ వచ్చాను. నాన్న నీ పేరెత్తలేదు. చివర్లో నేనే, అక్కకి కబురు పెట్టనా అని అడిగాను. "ఏటవసరం" అని గోడవైపు తిరిగిపోయారు.

వాచీ నాకే ఇచ్చారు. పెట్టుకోబోయాను, మనసొప్పలేదు. చిన్నప్పుడు పొద్దున్నే దానికి కీ ఇవ్వడం ఎప్పుడూ నీ పనే, నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. అందుకే పంపేశాను. వాచీ అసలుదే అక్కా, దాంతో పంపిన మాటే నకిలీది.

నాన్న ఇవ్వలేదు, నేనిచ్చాను. ఉంచుకుంటావా?

నీ తమ్ముడు,
అశోక్