తల ఊపితే ఒప్పుకున్నట్టేనా

గున్నమ్మా,

బళ్లో నీ పేరు రాజేశ్వరి. నాకు మాత్రం పుట్టినప్పటి నుంచీ గున్నమ్మవే. నువ్వు, మీ అమ్మ, మీ నాన్న అందరూ ఒంట్లో బాగున్నారని తలుస్తాను. మీ అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? కోటబొమ్మాళి వైపు వానలు పడ్డాయా, చేలో వరి నాట్లు, ఉభాలు అయ్యాయా? నేను బాగానే ఉన్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు.

అత్త ఫోన్ ఎందుకు చెయ్యదు అనుకుంటున్నావేమో. ఫోన్‌లో పెదాలు కనపడవు కదా. మనిషి ఎదురుగా ఉంటేనే నాకు మాట. అందుకే నా ఐదో తరగతి చదువుతో ఈ కాగితం రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నేనిప్పుడు మీ పెదమావ ఇంట్లో లేను. రాజాం వచ్చేశాను. జూట్ మిల్లు దగ్గర ఒక గది తీసుకున్నాను. ఎందుకొచ్చానో నీకు చెప్పేదాకా నా కడుపులో మంట ఆరదు.

నా కొడుకు పోయాక పెద్దకార్యం నాడు పందిట్లో మగవాళ్లంతా కూర్చున్నారు కదా. మీ పెదమావ ఏదో అన్నాడు. ఆయన మీసం సంగతి నీకు తెలుసు. పాక చూరులా పెదాల మీదికి దిగి ఉంటుంది. లోపల మాట ఉందో వక్క ఉందో దేవుడికే తెలియాలి. అందరూ నా వైపు తిరిగారు. నేను తల ఊపాను.

మిల్లులో మా అలవాటు అది. మగ్గాల హోరులో ఎవరూ ఎవరికీ వినపడరు. మేస్త్రీ దూరం నుంచి చెయ్యి ఎత్తితే తల ఊపుతాం. నిన్ను చూశాను అని చెప్పడం, అంతే. తర్వాత దగ్గరికెళ్లి మొహం చూసి ఏమిటని అడుగుతాం. ఆ హోరే నా చెవులు తినేసింది, ఆ ఊపుడే నా మెడకు పట్టేసింది. ఆ రోజూ ఎవరో ఒకరు వచ్చి చెప్తారులే అనుకున్నాను. ఎవరూ రాలేదు.

మర్నాడు మీ నాన్న ఆటో తెచ్చాడు, నీ పెట్టె ఎక్కించాడు. కార్యం అయ్యాక పుట్టింటివాళ్లు తీసుకెళ్లి నిద్ర చేయించడం మనలో ఉన్నదే. రెండు రోజులుండి వస్తావనుకున్నాను. నువ్వు నా కాళ్ల మీద పడి ఏడిస్తే వాడి కోసం ఏడుస్తున్నావనుకున్నాను. వీపు నిమిరి "ఎల్లిరా అమ్మా" అన్నాను. ఆ మాట నీకెలా తగిలిందో తలుచుకుంటే నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

నువ్వు రాలేదు. నేను మిల్లుకు పోవడం మొదలుపెట్టాను. ఒక రోజు అన్నం తినేవేళ, నాతో పనిచేసే సింహాచలం నా చెయ్యి తట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏటే, కోడల్ని పూర్తిగా పంపీసినావట?"

"ఎవులు సెప్పినారే?"

"ఊరంతా సెప్తన్నారు. పిల్లా పీచూ లేదు, ఆ పిల్లకి ఇక్కడేటి పని అని మీ బావ అడిగితే నువ్వే సరేనన్నావట. ఓలమ్మా, నీకు తెలీదేటి?"

అన్నం డబ్బా మూసేశాను. షిఫ్టు దిగి నేరుగా ఇంటికి వెళ్లి మీ పెదమావ ముందు నిలబడ్డాను.

"గున్నమ్మని పంపీమని నాను అన్నానా బావా?"

ఆయన అరిచాడు. అందరికీ అదే తెలివి. అరిస్తే నాకు వినపడదు, నోరు వంకరపోయి అర్థమయ్యేది కూడా అర్థం కాదు. మళ్లీ మళ్లీ చెప్పించాను.

"నువ్వే గదే తలాడించినావు! పదిమందీ సూసినారు!"

"తలాడించినాను. ఇనపడిందని సెప్పినానా? నాకు సెవుడని ఊరందరికీ తెలుసు. ఆ ఒక్క పూటా మర్సిపోనారేటి?"

"సెవిటిదానికి సెప్పినా ఒకటే, సెప్పకపోయినా ఒకటే."

ఆ మాట మాత్రం ఆ మీసంలోంచి కూడా నాకు స్పష్టంగా కనపడింది గున్నమ్మా.

చెవులు పోతే మనిషి పోయినట్టా? వాడు నా కొడుకు కాడా? నువ్వు నా కోడలివి కావా? మీ నాన్న మీద కూడా నాకు కోపమే. నా చంకలో పెరిగిన తమ్ముడు. ఇటొచ్చి నా ముందు కూర్చుని "అక్కా, నీకిది ఇష్టమేనా" అని అడగలేకపోయాడా? ఈ ముక్క వాడికి చదివి వినిపించు. సిగ్గుపడనీ.

నా కొడుకు మీసం ఎందుకు పెంచలేదో తెలుసా? నాకు వాడి పెదాలు కనపడాలని. తోటివాళ్లు "ఆడపిల్ల మొగం" అని ఎగతాళి చేసినా నవ్వేసేవాడు. అలాంటివాడు పోయాడు, మీసాలవాళ్లు మిగిలారు.

ఇక్కడ గది చిన్నదే గాని గాలి వస్తుంది. వానకు ఒక మూల కారుతుంది, గిన్నె పెట్టాను. ఇంటావిడ మొదట్లో పిలిస్తే పలకనని, పొగరని అంది. కుళాయి పొంగిపోతున్నా నాకు తెలియలేదని ఒకరోజు తగువుకొచ్చింది. చెవి మిషన్ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఇది పెట్టుకుంటే గిన్నెల చప్పుడు, హారన్లు అన్నీ ఒక్కసారే బుర్రలో పడతాయి, మనిషి మాట తప్ప అన్నీ వినపడతాయి, నువ్వే నా ఎదుటికొచ్చి మాట్లాడమ్మా అన్నాను. ఇప్పుడు భుజం తట్టి మాట్లాడుతోంది. కుక్కర్ కూతలు లెక్కపెట్టలేను కాబట్టి అన్నం గంజి వార్చుకుంటున్నాను. బాగానే తింటున్నాను. కాని ఇక్కడి చేపల్లో రుచి లేదు. ఇటు వచ్చేవాళ్లు ఉంటే కాసిన్ని ఎండు నెత్తళ్లు పంపించు.

నేను నిన్ను పంపలేదు. ఇది నీకు తెలియాలి. రమ్మని బలవంతం లేదు. అక్కడే ఉంటావో, చదువుకుంటావో, మళ్లీ పెళ్లి చేసుకుంటావో నీ ఇష్టం. పెళ్లంటే ముందు నిలబడేది నేనే. నా దగ్గరికి వస్తానంటే చాప వేసి ఉంచాను. ఏదైనా నువ్వే నీ చేత్తో రాయి. వేరేవాళ్ల చేత కబురు పంపితే నేను నమ్మను. ఇకమీదట నీ సంగతి గాని నా సంగతి గాని మూడోమనిషి చెప్పడానికి వీల్లేదు.

మా అమ్మకు, అదే మీ నాన్నమ్మకు, నా దండాలు చెప్పి, నాకోసం ఒకసారి దీవించమను. మీ అమ్మను అడిగానని చెప్పు. మీ నాన్నకు కోపం తగ్గాక చెప్తాను.

నీ అత్త
అప్పలనరసమ్మ

బెంగ పెట్టుకుంటే నువ్వు సగం అన్నంలోనే కంచం ముందు నుంచి లేచేస్తావని నాకు తెలుసు. అలా చెయ్యకు. రెండు పూటలా కడుపునిండా అన్నం తిను.