ఆ వీపు నాన్నది

పట్టిసీమ,
సోమవారం.

అమ్మకు, వీరబాబు దణ్ణం పెట్టి రాస్తున్నాను. నేనూ, మీ కోడలూ, పిల్లలూ బాగానే ఉన్నాం. కాకినాడలో నువ్వూ, చెల్లీ, హారతీ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోనులో నీకు సరిగ్గా వినపడదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. హారతి చదివి వినిపిస్తుంది.

పడవకి తారు పూశావా అని అడిగావు. పూశాను. సినిమా హీరో విజయభూషణ్ గారి శతజయంతి సభ ఎలా జరిగిందని అడిగావు. చెప్పాలంటేనే రోత పుడుతోంది.

ఇంత పొడుగు ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆయన బొమ్మ అరచేతంత, మిగతావన్నీ చందాలిచ్చిన వాళ్ల మొహాలు. నూట ఇరవై సినిమాలు, తొమ్మిది అవార్డులు అని మైకులో ఒకటే ఊదర. ఆ తొమ్మిదీ చదువుతుంటే వేదిక మీద పెద్దలు సెల్లు చూసుకుంటున్నారు. సన్మానాలకు తెచ్చినవి నాలుగే శాలువాలు. ఒకరికి కప్పి, ఫొటో తీయగానే వెనకనుంచి లాగేసి ఇంకొకరికి కప్పారు. చెమట కంపు కొడుతున్నాయమ్మా అవి.

తర్వాత మన రేవులో తీసిన వరద సీను తెర మీద వేశారు. ఆయన చొక్కా నాన్నకి తొడిగి, పడవ నడిపేదంతా వెనకనుంచి తీశారు కదా. నిడదవోలు హాల్లో ఆ సినిమా ఆడినప్పుడల్లా నువ్వు నన్ను గిల్లి, "అదిగోరా మీ నాన్న వీపు" అనేదానివి. పడవెక్కే ముందు గోదారి నీళ్లు కళ్లకద్దుకోవడం వాళ్లు చెయ్యమన్నది కాదు, నాన్న అలవాటు. ఆ ముక్క రాగానే ఒక పెద్దమనిషి లేచి, "ఢిల్లీ అవార్డు ఊరికే ఇచ్చారేంటండి! ఆ నీళ్లు కళ్లకద్దుకోవడం ఒక్కటి చాలండి. అది నటన కాదండి, జీవించేశారు" అన్నాడు.

సభలో నాన్న పేరు చెప్పారా అని రెండుసార్లు అడిగావు. హారతీ, ఇక్కడినుంచి ఏమీ దాటెయ్యకుండా అమ్మమ్మకి చదవమ్మా.

చెప్పారు. చెప్పింది నేనే. సభకు ముందు కమిటీ సెక్రటరీ శశిభూషణ్ గారు నన్ను పక్కకు పిలిచి, "వీరబాబు గారూ, అవార్డొచ్చింది ఆ సీనుకేనండి. ఇప్పుడు డూపని అంటే మహానుభావుడి పరువేం కానండి? మీ నాన్నగారు ఒడ్డునుంచి చూశారని చెప్పండి, చాలు" అన్నారు. తీరా మైకు నా చేతికిచ్చాక, "పడవ నడిపింది ఆయనేనండి. మా నాన్న రాముడు ఒడ్డున నించుని చూశాడండి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నన్నెవరూ బెదిరించలేదమ్మా. ముందు వరసలో కుర్చీ వేశారు, గారు అన్నారు, ఊరంతా నన్నే చూస్తోంది. అది నాకు బాగుంది. అంతే. వాళ్లని చూసి అసహ్యించుకున్నదానికంటే ఇప్పుడు నన్ను నేనే ఎక్కువ అసహ్యించుకుంటున్నాను.

నాన్న ఫొటోకి కప్పాలి, శాలువా పంపమన్నావు. ఫొటో తీసేంతసేపే అది నా భుజం మీద ఉంది.

ఇవాళ పొద్దున్న పడవెక్కబోతూ అలవాటుకొద్దీ వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకున్నాను. కళ్లకద్దుకోలేకపోయాను. నీళ్లన్నీ కారిపోయేదాకా అలాగే నిలబడ్డాను. నువ్వు తిట్టదలుచుకున్నవన్నీ హారతి చేత రాయించు. ఒక్కటీ తగ్గించకు.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
వీరబాబు