గొంతు జబ్బు

బుడాపెస్ట్,
నవంబరు 1958

ఎతెల్కా అక్కకు,

నిన్న ఒపెరా హాల్లో నాకు సన్మానం చేశారు. నువ్వు రాకపోవడమే మంచిదైంది.

పోయిన నెలే ఒపెరాకి మళ్ళీ డైరెక్టరుగా తిరిగొచ్చిన లాంట్సీ మాట్లాడాడు. సెగెద్ ఊళ్ళో దర్జీ కొడుకునైన నేను దేశంలోకెల్లా లోతైన గొంతుతో రాజుల వేషాల్లోనూ దయ్యాల వేషాల్లోనూ ఈ హాలుని ఎలా మోగించానో వర్ణించాడు. ఆ తరువాత, "యుద్ధకాలంలో గొంతు జబ్బు చేసి మన గాయకుడు విశ్రాంతి తీసుకున్నారు" అన్నాడు.

అక్కా, యుద్ధం రోజుల్లో రాజు వేషంలో ఉన్న నా నెత్తిమీది కిరీటం లాక్కుని, "యూదులకిక్కడ పాటల్లేవు, నడు" అని గెంటింది వీడే. యూదుల్ని పట్టుకెళ్ళి వెట్టిచాకిరీ చేయించిన కూలిదళంలో, బావ ప్రాణం పోయిన ఆ దళంలోనే, నేనూ రాళ్ళు మోశానని వీడికి తెలియదా?

నా మొహం చూసి దగ్గరికొచ్చాడు. సారా కంపు కొడుతూ బుగ్గమీద ముద్దుపెట్టి, "పాతవి తవ్వకన్నయ్యా! నవ్వు, ఫొటో తీస్తున్నారు" అని చెవిలో గొణిగాడు.

నేను జనంవైపు తిరిగి గట్టిగా చెప్పాను. "నా గొంతుకి ఏ జబ్బూ రాలేదు. యూదుడినని నన్ను గెంటేశారు. గెంటింది ఈయనే."

ముందు వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అంతే, అందరూ లేచి నిలబడి కొట్టారు. అందరికంటే గట్టిగా లాంట్సీయే కొట్టాడు. "అబ్బబ్బ, ఏం గొంతండీ! ఈ వయసులోనూ ఎలా మోగుతోందో విన్నారా?" అన్నాడు.

వాళ్ళిచ్చిన పూలగుత్తి వాడి కాళ్ళమీద పడేసి వచ్చేశాను. ఇక ఆ జనం ముందు నోరు తెరవను.

నీ తమ్ముడు